అదేనా? అలాంటిదేనా?



పోయిన నెల చుట్టరికాల మాటలు నేర్చుకున్నాం. ఈ నెల పాఠం ఒకే ఒక్క మాట మీద. ఆ మాట "పోల్చు". రెండిటిని పక్కపక్కన పెట్టి, ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ కలవవో చూడటమే పోల్చడం. చిన్న మాటే. కాని ఎలా పోల్చాలో తెలియక మొన్న సెలవుల్లో మా ఇంట్లో ఒక పెద్దాయన మనసు కష్టపడింది. ఆ సంగతి చెబుతాను. మధ్యలో కొంచెం కంప్యూటరు భాష వస్తుంది. భయపడకండి, మెల్లగా వెళదాం.

మా మనవరాలికి 16 ఏళ్లు. బడిలో జావా నేర్చుకుంటోంది. కంప్యూటరుకు పని చెప్పే భాషల్లో జావా ఒకటి. నేను బడిలో లెక్కలు చెప్పేదాన్ని. చివరి కొన్నేళ్లు కంప్యూటరు కూడా చెప్పాను. అందుకని తనకు చిక్కు వస్తే నా దగ్గరికి వస్తుంది. నేను జావాలో సాయం చేస్తాను. బదులుగా తను నాతో తెలుగులోనే మాట్లాడాలి. ఇది మా ఇద్దరి ఒప్పందం.

ఓడ పట్టిక

మీకు తెలిసిన సంగతే, మళ్లీ ఒకసారి చెబుతాను. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవుకు వచ్చింది. ఒప్పంద కూలీలతో నటాల్‌కు వచ్చిన మొదటి ఓడ అదే. అప్పటి నుంచి 1911 దాకా 1,52,000 మందికి పైగా ఇలా వచ్చారు. అందరూ తెలుగువాళ్లు కారు. తమిళులు ఉన్నారు, ఉత్తరాదివాళ్లు ఉన్నారు. తెలుగువాళ్లు విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు లాంటి జిల్లాల నుంచి వచ్చారు.

వచ్చిన ప్రతి మనిషికి ఒక నంబరు ఇచ్చారు. ఆ నంబరు పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది మచ్చలు రాశారు. మనవాళ్లు నోటితో చెప్పారు. గుమాస్తాలు తమ చెవికి ఎలా వినిపిస్తే అలా ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నారు. అదే ఓడ పట్టిక. మనలో చాలామందికి ముత్తాత సొంత పేరే ఇప్పుడు ఇంటిపేరు అయింది. అది కూడా ఆ గుమాస్తా రాసిన తీరులోనే నిలిచిపోయింది.

మా బంధువు ఒకాయన కొన్ని ఓడల పట్టికలను ఓపికగా కంప్యూటరులో టైపు చేసి పెట్టుకున్నాడు. మా మనవరాలు ఆ ఫైలు అడిగి తెచ్చుకుంది. "అవ్వా, మన ముత్తాతను నేను వెతికే ప్రోగ్రాం రాస్తాను" అంది. నా ముత్తాత అంటే తనకు ఇంకా రెండు తరాలు పైన. అయినా "మన" అంది. నాకు సంతోషం వేసింది.

మా ఇంటి అసలు పేర్లు ఇక్కడ రాయను. ముత్తాత పేరు అప్పలస్వామి, ఆయన తండ్రి పేరు పైడయ్య అనుకుందాం. ఉత్తరాంధ్రలో ఈ పేర్లు ఇంటింటా ఉంటాయి.

మా అన్నయ్యకు 84 ఏళ్లు. మనవరాలు ఆయన్ని పెద్ద తాత అని పిలుస్తుంది. ఆయనకు చిన్నప్పుడు మా తాత ఒక కథ చెప్పేవాడట. "మా నాన్న అప్పలస్వామి. ఆయన నాన్న పైడయ్య. మాది విశాఖపట్నం జిల్లా, కొత్తవలస. మా నాన్న కుర్రవాడుగా ఉన్నప్పుడు ఓడ ఎక్కాడు." ఇంతే కథ. కాగితం లేదు, నంబరు లేదు. మా అన్నయ్య జీవితమంతా ఈ నాలుగు మాటలు మోసుకుంటూ వచ్చాడు.

ఆదివారం అందరం భోజనానికి కూర్చున్నాం. మనవరాలు చెప్పేసింది. "పెద్ద తాతా, వెతికాను. పట్టికలో ఆ పేరు లేదు. ఒక్కటి కూడా లేదు."

అన్నయ్య ఏమీ అనలేదు. కాసేపయ్యాక నాతో మెల్లగా అన్నాడు. "అయితే తాత చెప్పింది ఉత్త కథేనా?"

మజ్జిగ పోసుకోకుండానే లేచి వెళ్లిపోయాడు.

కంటికి కనిపించింది, ప్రోగ్రాముకు కనిపించలేదు

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫైలు తెరిచి, వరుసలన్నీ ఒక్కొక్కటే కిందికి చూసుకుంటూ పోయాను. అరగంటలో దొరికింది. అప్పలస్వామి. మన ఇంటి కాగితాల్లో ఏ అక్షరాలున్నాయో అవే అక్షరాలు. ఇంకా కిందికి వెళితే మరొకటి. ఆ తరువాత ఇంకొకటి. మొత్తం మూడు వరుసలు.

పొద్దున్నే మనవరాల్ని లేపాను. "ప్రోగ్రాం చూపించు" అన్నాను.

"ప్రోగ్రాం బాగుంది అవ్వా. టెస్ట్ చేశాను కదా! నేనే పేరు రాసి పెడితే దొరికింది అని వచ్చింది."

నేను చూశాను. పేర్లను పోల్చే చోట తను ఇలా రాసింది:

పేరు1 == పేరు2

మన పత్రికలో అంతా తెలుగు లిపిలోనే రాస్తాం కాబట్టి ఇక్కడ ఇలా చూపించాను. మధ్యలో ఉన్నది జంట సమాన గుర్తు. ఒక పక్క మనం వెతికే పేరు, రెండో పక్క పట్టికలోని పేరు. రెండూ సమానమైతే "దొరికింది" అనాలి. చదివితే తప్పేమీ కనిపించదు. తప్పు అక్కడే ఉంది.

ఆ గుర్తు అడిగేది ఏ ప్రశ్న?

ఒక ఓడలో ఇద్దరు అప్పలస్వాములు వచ్చారనుకోండి. ఒకాయన నంబరు ఒకటి, ఇంకొకాయన నంబరు వేరొకటి. ఇప్పుడు మనం రెండు ప్రశ్నలు అడగవచ్చు.

ఒకటి: "ఈయన, ఆయన ఒకే మనిషా?" కాదు. నంబర్లు వేరు, మనుషులు వేరు.

రెండు: "ఈయన పేరు, ఆయన పేరు ఒకటేనా?" అవును. అక్షరం పొల్లు పోకుండా ఒకటే.

ఒక ప్రశ్నకు జవాబు కాదు, రెండో ప్రశ్నకు జవాబు అవును. కాబట్టి ఏ ప్రశ్న అడుగుతున్నామో ముందు తెలియాలి.

జావాలో మాట కూడా ఒక వస్తువే. ప్రతి వస్తువుకు కంప్యూటరు మెమరీలో ఒక చోటు ఉంటుంది. పేరు1 అనే పెట్టెలో ఆ మాట ఉండదు. మాట ఎక్కడుందో చెప్పే చిరునామా ఉంటుంది. జంట సమాన గుర్తు ఆ రెండు చిరునామాలనే పోలుస్తుంది. లోపల ఏం రాసి ఉందో చూడదు. అది అడిగేది మొదటి ప్రశ్న: "ఇది అదేనా?"

మనవరాలు కీబోర్డు మీద కొట్టిన అప్పలస్వామి ఒక వస్తువు. ఫైలులో నుంచి చదివిన అప్పలస్వామి ఇంకొక వస్తువు. అక్షరాలన్నీ ఒకటే, చోట్లు వేరు. అందుకే జావా "కాదు" అంది. అది అబద్ధం చెప్పలేదు. మనం అడిగిన ప్రశ్నకు సరైన జవాబే చెప్పింది. మనం అడగాలనుకున్నది ఆ ప్రశ్న కాదు, అంతే.

"మరి వయసుకు అదే గుర్తు పెట్టాను కదా, అది బాగానే పని చేసింది" అంది మనవరాలు.

నిజమే. వయసును తను మామూలు అంకెగా పెట్టుకుంది. అలాంటి అంకెలకు చిరునామా గొడవ లేదు. పెట్టెలోనే అంకె ఉంటుంది. కాబట్టి 24, 24 సమానమా అంటే జావా అవును అంటుంది. అంకెలతో అలవాటైన చేయి మాటల దగ్గరా అదే గుర్తు పెడుతుంది. నా దగ్గర చదువుకున్న పిల్లల్లో ఈ తప్పు చేయనివాళ్లు తక్కువ. నేనూ మొదట్లో చేశాను.

మరి టెస్టులో ఎలా దొరికింది?

ఇది అసలు మోసం చేసే చోటు. తను టెస్టు చేసినప్పుడు రెండు పేర్లనూ ప్రోగ్రాములోనే కొటేషన్ గుర్తుల మధ్య రాసింది. అలా రాసిన మాట ఎన్నిసార్లు వచ్చినా జావా దాన్ని ఒక్కచోటే దాచుతుంది. ఎవరు అడిగినా ఆ ఒక్క చిరునామానే ఇస్తుంది. అంటే టెస్టులో ఉన్నవి రెండు మాటలు కావు. ఒకే మాటకు రెండు దారులు. అందుకే "ఇది అదేనా?" అంటే "అదే" అంది.

ఇంట్లో అద్దం ముందు పాట పాడినట్టు అయింది మనవరాలి టెస్టు. బయటి నుంచి మనిషి వచ్చినప్పుడు గాని అసలు సంగతి తెలియదు. మీలో ఎవరైనా జావా నేర్చుకుంటూ ఉంటే ఇది గుర్తు పెట్టుకోండి. టెస్టు చేసేటప్పుడు పేరును కీబోర్డు నుంచో, ఫైలు నుంచో తీసుకోండి.

సరైన ప్రశ్న

లోపలి అక్షరాలను పోల్చాలంటే జావాలో ఈక్వల్స్ అనే మాట వాడాలి. ఇలా:

పేరు1.ఈక్వల్స్(పేరు2)

కంప్యూటరులో కొట్టేటప్పుడు ఈక్వల్స్ అన్న మాట ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. పేరు1 లాంటివి మాత్రం తెలుగులో రాసినా జావా ఒప్పుకుంటుంది. ఈ సంగతి మనవరాలికి తెలియదు. చాలా నచ్చింది.

ఈక్వల్స్ రెండు మాటల పొడవు చూస్తుంది, అక్షరం పక్కన అక్షరం పెట్టి చూస్తుంది. అన్నీ కలిస్తే అవును అంటుంది. అది అడిగేది రెండో ప్రశ్న: "ఇది అలాంటిదేనా? ఇందులో ఉన్నది, అందులో ఉన్నది ఒకటేనా?"

అన్ని కంప్యూటరు భాషలూ ఇలా ఉండవు. పైథాన్‌లో జంట సమాన గుర్తు మాటల లోపలి అక్షరాలనే పోలుస్తుంది. "అదేనా?" అని అడగడానికి అక్కడ ఈజ్ అనే వేరే మాట ఉంది. ప్రశ్నలు మాత్రం ఎక్కడైనా ఆ రెండే. ఏ గుర్తు ఏ ప్రశ్న అడుగుతుందో ఆ భాషలో తెలుసుకోవాలి.

మనవరాలు ఆ ఒక్క చోట మార్చి, మళ్లీ నడిపింది. మూడు వరుసలు వచ్చాయి. కుర్చీలో నుంచి ఎగిరి లేచి, పెద్ద తాతకు ఫోన్ చేయబోయింది.

"ఆగు" అన్నాను. "నేను రాత్రి కంటితో చూసినవి మూడు. నా కంటికి కూడా తప్పిపోయినవి ఉండవచ్చు."

ఇంకా నాలుగు చిక్కులు

మొదటిది అక్షరాల సైజు. ఒక ఓడ పట్టికను మా బంధువు అన్నీ పెద్దక్షరాలతో టైపు చేశాడు. ఈక్వల్స్‌కు పెద్ద ఏ వేరు, చిన్న ఏ వేరు. పెద్దా చిన్నా పట్టించుకోకుండా పోల్చాలంటే ఈక్వల్స్ ఇగ్నోర్ కేస్ అనే ఇంకొక పద్ధతి ఉంది. అది వాడితే నాలుగో వరుస దొరికింది.

రెండోది ఖాళీ చోటు. ఒక పేరు చివర స్పేస్ ఒకటి పడి ఉంది. మన కంటికి కనిపించదు. కంప్యూటరుకు అది కూడా ఒక అక్షరమే. ట్రిమ్ అనే పద్ధతితో ముందూ వెనకా ఉన్న ఖాళీలు కత్తిరించి, ఆ తరువాత పోల్చాలి. ఐదో వరుస అలా దొరికింది.

మూడోది లేని పేరు. తండ్రి పేరు పోల్చబోతే ప్రోగ్రాం మధ్యలో ఆగిపోయి నల్ పాయింటర్ ఎక్సెప్షన్ అని ఎర్రగా చూపించింది. కొన్ని వరుసల్లో తండ్రి పేరే లేదు. తను రాసిన ప్రోగ్రాం అలాంటి చోట పెట్టెలో ఏ చిరునామా పెట్టకుండా వదిలేసింది. దాన్ని నల్ అంటారు. లేని మనిషిని పట్టుకుని "నీ పేరు ఇదేనా?" అని అడిగితే జవాబు ఎవరు చెబుతారు? అందుకని మనకు కచ్చితంగా తెలిసిన పేరును ముందు పెట్టి, దాన్ని అడగాలి: "పైడయ్యా, ఆ పక్కనున్నది నీ పేరేనా?" అప్పుడు పక్కన ఏమీ లేకపోయినా "కాదు" అని జవాబు వస్తుంది, ప్రోగ్రాం ఆగదు. రెండు వైపులా ఏది లేకపోయినా ఫరవాలేదు అనుకుంటే ఆబ్జెక్ట్స్ డాట్ ఈక్వల్స్ వాడవచ్చు. ఒక సంగతి మరిచిపోకండి. పేరు ఖాళీగా ఉండటం వేరు, పేరే లేకపోవడం వేరు. జావా ఈ రెండిటినీ ఒకటిగా చూడదు.

నాలుగోది మన తెలుగుకే ఉన్న చిక్కు. తెలుగులో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేవు. ఆ గొడవ మనకు లేదు. ఇంకొకటి ఉంది. పైడయ్య అన్న పేరులో "పై" చూడండి. "ప"కు ఐత్వం పెడితే "పై". కంప్యూటరులో ఈ ఐత్వాన్ని రెండు రకాలుగా దాచవచ్చు. ఒకటి, ఐత్వం అనే ఒకే గుర్తుగా. రెండు, పైన ఎత్వం, కింద చిన్న ఐత్వపు గుర్తు, ఇలా రెండు ముక్కలుగా. తెర మీద రెండూ అచ్చు ఒకేలా కనిపిస్తాయి. ఈక్వల్స్ మాత్రం వేరు అంటుంది. ఇది అరుదుగానే ఎదురవుతుంది, పాత ఫైళ్లను మార్చి తెచ్చుకున్నప్పుడు. జావాలో నార్మలైజర్ అనే సాధనం ఉంది. అది రెండు మాటలనూ ఒకే తీరుకు తెస్తుంది. ఆ తరువాత పోల్చాలి. పట్టికకు తెలుగు పేర్లు కూడా చేర్చాలని మనవరాలి ఆలోచన. అందుకని ఇప్పుడే చెప్పి ఉంచాను.

ఐదుగురు అప్పలస్వాములు

ఇప్పుడు ఐదు వరుసలు. ఐదూ ఈక్వల్స్ ఒప్పుకున్న పేర్లే. ఐదుగురిలో మనవాడు ఎవరు?

ఒక అప్పలస్వామికి ఆరేళ్లు. కుర్రవాడు కాదు, చిన్న పిల్లవాడు. ఇంకొకాయనకు 40 దాటాయి. ఒకాయన వేరే జిల్లా నుంచి వచ్చాడు. మిగిలింది ఇద్దరు. ఒకాయన తండ్రి పేరు చోట ఏమీ లేదు. రెండో ఆయన తండ్రి పేరు పైడయ్యకు దగ్గరగా ఉంది కాని అక్షరాలు వేరు. ఊరి పేరు చూస్తే ఇద్దరికీ కొత్తవలస అని లేదు. మనవరాలు కొత్తవలస అని ఇంగ్లీషులో మూడు నాలుగు రకాలుగా కొట్టి చూసింది. ఒక్కటీ కలవలేదు.

ఆ ఆదివారం అన్నయ్య మళ్లీ వచ్చాడు. మనవరాలు కాగితం మీద ఆ రెండు వరుసలు రాసుకుని ఆయన పక్కన కూర్చుంది. గుమాస్తా రాసినట్టే చదివింది. మొదటి వరుస ఊరి పేరు చదివితే ఆయన తల అడ్డంగా ఊపాడు. రెండోది చదివింది.

"కాటా... వాల్సా. ఇది ఏం ఊరు పెద్ద తాతా? నాకు తెలియలేదు."

అన్నయ్య కళ్లు మూసుకుని ఉన్నాడు. "మళ్లీ చదువు" అన్నాడు.

"కాటావాల్సా."

"కొత్తవలస" అన్నాడు అన్నయ్య. "కొత్త... వలస. మా తాత కొంచెం సాగదీసి అనేవాడు. అదే."

"నాన్న పేరు పైడియా అని ఉంది."

"పైడయ్య!"

మా మనవరాలు కాగితం వంక చూసింది, ఆయన వంక చూసింది. నాలుగు రోజులు ప్రోగ్రాం రాసి తను చేయలేని పని ఆయన చెవి ఒక్క నిమిషంలో చేసింది. అలాగని ఆ ప్రోగ్రాం వృథా కాలేదు. వేల వరుసల నుంచి ఐదు వరుసలకు తెచ్చింది అదే కదా. ఎనభై దాటిన మనిషికి వేల వరుసలు చదివి వినిపించలేం.

"అయితే ఈయనే మన ముత్తాత. రాసేయనా?" అంది మనవరాలు.

ఇక్కడ నేను టీచర్ని అయిపోయాను. ఆపాను. ఉత్తరాంధ్రలో వలస అని ముగిసే ఊళ్లు చాలా ఉన్నాయి. వలస అంటే ఒక చోటు వదిలి ఇంకొక చోటికి పోయి బతకడం. అలా వెళ్లినవాళ్లు కట్టుకున్న పల్లెను కూడా వలస అన్నారు. కొత్తగా కట్టుకుంటే కొత్తవలస. కాబట్టి కొత్తవలసలు ఒకటి కాదు, ఎన్నో ఉన్నాయి. పేరు ఒకటే, ఊళ్లు వేరు. అప్పలస్వాములూ అంతే, పైడయ్యలూ అంతే. ఈ కాగితంలోని మనిషి మన మనిషే అని చెప్పాలంటే ఇంకొక కాగితం కావాలి. పెళ్లి కాగితమో, ఏ తోటలో పని చేశాడో చెప్పే కాగితమో.

ఇది మూడో ప్రశ్న. మొదటిది, ఇది అదే వస్తువా? రెండోది, ఇందులోని అక్షరాలు అవేనా? మూడోది, ఈ అక్షరాల వెనక ఉన్న మనిషి ఆయనేనా? మొదటి రెండు జావాకు తెలుసు. మూడోది మనుషులే తేల్చుకోవాలి, అదీ తొందరపడకుండా.

మా అన్నయ్యకు ఈ మాట నచ్చదేమో అనుకున్నాను. ఆయన నవ్వాడు. "పెన్సిల్‌తో రాయమ్మా" అన్నాడు మనవరాలితో. "పెన్నుతో తరువాత రాద్దువుగాని. కథ ఉత్తది కాదని తెలిసింది. నాకు అది చాలు."

ఆ రోజు మజ్జిగ రెండుసార్లు పోయించుకున్నాడు. మా ఇంటి వంశవృక్షంలో ముత్తాత పేరు పక్కన ఇప్పుడు ఒక నంబరు ఉంది, పెన్సిల్‌తో.

ఈ నెల మాటలు

అదే: మనం అనుకున్న వస్తువే, వేరొకటి కాదు. "నేను పోగొట్టుకున్న గొడుగు అదే."

అలాంటిదే: వస్తువు వేరు, రకం ఒకటి. "నా గొడుగు అలాంటిదే, కాని అది కాదు."

ఒకటే: ఈ మాటతో జాగ్రత్త. రెండు అర్థాలూ వస్తాయి. "మా ఇద్దరి బడి ఒకటే" అంటే బడి ఒక్కటే ఉంది. "మా ఇద్దరి చీరల రంగు ఒకటే" అంటే చీరలు రెండు, రంగు ఒకటి. మాట్లాడేవాళ్ల మనసులో ఏముందో సందర్భం చెబుతుంది. కంప్యూటరుకు సందర్భం తెలియదు. అందుకే దానికి విడివిడిగా చెప్పాలి.

అచ్చు: ఏమాత్రం తేడా లేకుండా. "నువ్వు అచ్చు మీ తాతే!" నిజానికి తాత వేరు, నువ్వు వేరు. ముద్దుకొద్దీ అలా అంటాం. జావా ఈ మాట ఒప్పుకోదు.

వేరు: ఒకటి కానిది. "పేరు ఒకటే, మనిషి వేరు." చెట్టు వేరు కూడా ఇదే మాట, అర్థం మాత్రం వేరు.

పోలిక: ఇద్దరిలో కలిసే గుర్తు. "నీకు మీ అమ్మ పోలిక వచ్చింది."

పోల్చు: ఈ మాటకు రెండు అర్థాలు. ఒకటి, రెండిటిని పక్కపక్కన పెట్టి చూడటం. రెండు, చూసి గుర్తుపట్టడం. చాలా ఏళ్లకు కలిసిన చుట్టం "నన్ను పోల్చావా?" అని అడిగితే, "నేనెవరో గుర్తుపట్టావా?" అని అర్థం. కాగితంలోని పేర్లను మా మనవరాలి ప్రోగ్రాం మొదటి అర్థంలో పోల్చింది. మా అన్నయ్య రెండో అర్థంలో పోల్చాడు.

ఇంటి పని

ఈ మూడు వాక్యాల్లో ఖాళీ చోట "అదే" రాయాలో, "అలాంటిదే" రాయాలో చూడండి.

1. నిన్న మనం ఎక్కిన బస్సు ...... . నంబరు ప్లేటు కూడా కలిసింది.

2. మా అవ్వ దగ్గర ఒక ఇత్తడి చెంబు ఉంది. మీ ఇంట్లో ఉన్నదీ ...... , కాని కొంచెం చిన్నది.

3. ఈ ఫొటోలో ఉన్న ఇల్లు ...... . మా నాన్న పుట్టింది అందులోనే.

ఇంకొక పని. మీ ఇంటిపేరును మీ ఇంట్లోని పాత కాగితాల్లో ఎన్ని రకాలుగా రాశారో వెతకండి. నాయుడు అన్న పేరునే చివర రెండు ఓలతో రాసినవాళ్లున్నారు, ఒక యూతో రాసినవాళ్లున్నారు. దొరికినవన్నీ ఒక కాగితం మీద రాసి, పక్కన తెలుగులో ఒక్కసారి రాయండి. తరువాత ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, ఆ పేరు పైకి చదవండి. వాళ్లు ఎలా పలికారో వినండి.

వచ్చే నెల ఊళ్ల పేర్ల చివర వచ్చే వలస, పేట, పాడు, పల్లి సంగతి చూద్దాం. అందాకా సెలవు.